అణుముద్రణ చరిత్రలో ప్రతిరక్షక సిద్ధాంతం పాత్ర

మిశ్రమం నుంచి కావలసిన ఒక్క పదార్థాన్నే వేరుచేయడం రసాయన శాస్త్రంలో పాత సమస్య. అణుముద్రిత పాలిమర్లు దానికి ఒక పరిష్కారం. ఎంచుకున్న అణువును మూసగా ఉంచి, దాని చుట్టూ పాలిమర్‌ను రూపొందించి, అనంతరం మూసను కడిగివేస్తే ఆ అణువుకు సరిపోయే కుహరాలు మిగులుతాయి. అవి అదే అణువును తిరిగి గుర్తించి పట్టుకుంటాయి. ఈ పద్ధతి పరిణామం విజ్ఞాన చరిత్రలో విఫల సిద్ధాంతాల స్థానాన్ని పునఃపరిశీలించేలా చేస్తుంది.

1931లో సోవియట్ శాస్త్రవేత్త ఎం.వి. పొల్యకోవ్ బెంజీన్, టోలీన్, జైలీన్‌ల సమక్షంలో సిలికా జెల్‌లను తయారుచేశారు. జెల్ అధిశోషణ శక్తి, తయారీలో వాడిన పదార్థ నిర్మాణంపై ఆధారపడుతుందని గమనించారు. 1940లో లైనస్ పౌలింగ్ వేరొక మార్గంలో ఇటువంటి భావనకే వచ్చారు. ప్రతిరక్షక ప్రోటీన్ గొలుసు ప్రతిజనకాన్ని మూసగా చేసుకొని, దానికి అనుగుణంగా ముడుచుకుంటుందని ఆయన ప్రతిపాదన. ఆయన శిష్యుడు ఫ్రాంక్ డికీ 1949లో ఈ భావనను సిలికాకు అన్వయించారు. మిథైల్ ఆరెంజ్, దాని సజాతీయ రంజనాల సమక్షంలో తయారైన ఒక్కో జెల్ తన మూస రంజనం పట్లే అధిక ఆకర్షణ చూపింది.

1957లో బర్నెట్ ప్రతిపాదించిన క్లోనల్ ఎంపిక సిద్ధాంతం బలపడటంతో పౌలింగ్ వివరణ నిలవలేదు. డికీ ప్రయోగ ఫలితం మాత్రం నిలిచింది. 1972లో గుంటర్ వుల్ఫ్, సర్హాన్ గ్లిసరిక్ ఆమ్లాన్ని మూసగా వాడి కర్బన పాలిమర్లలో ముద్రణ సాధించారు. మూసను సంయోజనీయ బంధాలతో కలపడం వారి పద్ధతి. 1981లో అర్షాడీ, మోస్‌బాఖ్ బలహీనమైన అసంయోజనీయ బంధాలతోనే ముద్రణ సాధ్యమని చూపడంతో మూసల ఎంపిక విస్తృతమైంది. 1993లో మోస్‌బాఖ్ బృందం థియోఫిలిన్, డయాజిపామ్‌ల పరీక్షలో ప్రతిరక్షకాల స్థానంలో ముద్రిత పాలిమర్లను వాడింది. కేవలం ఒక మిథైల్ సమూహం తేడాగల కెఫీన్ నుంచి థియోఫిలిన్‌ను ఆ పాలిమర్ వేరుగా గుర్తించింది.

పొల్యకోవ్ పరిశీలన ముందే ఉన్నందున పౌలింగ్ సిద్ధాంతమే ఈ రంగానికి ఏకైక మూలమనలేము. అయితే కోరిన అణువు కోసమే శోషకాన్ని రూపొందించవచ్చనే లక్ష్యం డికీకి ఆ సిద్ధాంతం నుంచే లభించింది. కుహరాలన్నీ సమాన నాణ్యతతో ఉండకపోవడం, మూస అవశేషాలు క్రమంగా బయటికి రావడం ఈ పాలిమర్ల పరిమితులుగా కొనసాగుతున్నాయి. తోసిపుచ్చిన సిద్ధాంతాలను చరిత్ర నుంచి కూడా తొలగిస్తే, డికీ ఆ ప్రయోగానికి ఎందుకు పూనుకున్నారో వివరించడం అసాధ్యమవుతుంది.