సంఖ్యల పట్టిక నుండి చిత్రానికి: ఒక చారిత్రక పరిశీలన

కీలకపదాలు: సంఖ్యల పట్టిక, స్కానింగు, రంగుల పటం, తాళపత్రం, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

కంప్యూటరులో భద్రపరచిన ఛాయాచిత్రం నిజానికి అడ్డు, నిలువు వరుసలుగా పేర్చిన సంఖ్యల పట్టిక. ఏ సంఖ్యకు ఎంత వెలుగు, ఏ రంగు అన్నది నిర్ణయించినప్పుడే అది కంటికి చిత్రమవుతుంది. ఆ నిర్ణయాన్ని అమలు చేసేది ప్రోగ్రాం, నిర్ణయించేది మనిషి. ఈ విషయాన్ని మూడు చారిత్రక ఘట్టాల ఆధారంగా పరిశీలించి, తాళపత్ర పరిశోధనకు దానితో గల సంబంధాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నలుపు తెలుపుల హద్దు (1957)

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ బృందం 1957లో ఒక స్కానరును నిర్మించి, సియాక్ అనే కంప్యూటరుకు జోడించింది. తొలినాటి స్కానులలో కిర్ష్ మూడు నెలల కుమారుని చిత్రం సుప్రసిద్ధం. అందులో 176 అడ్డు వరుసలు, 176 నిలువు వరుసలు. మొత్తం 30,976 గడులు. ఆ స్కానరు ప్రతి గడినీ నలుపుగానో తెలుపుగానో మాత్రమే గుర్తించేది. ఎంత వెలుగు దాటితే తెలుపు అనుకోవాలన్న హద్దును ముందే నిర్ణయించాలి. హద్దును మార్చి పలుమార్లు స్కాన్ చేసి, ఫలితాలను కలిపి వారు నడిమి ఛాయలను సాధించారు.

3. సుద్దలతో అంగారకుడు (1965)

1964 నవంబరు 28న ప్రయోగించిన మారినర్-4 నౌక 1965 జులైలో అంగారకుని చిత్రాలు తీసింది. ఒక్కో చిత్రంలో 40,000 సంఖ్యలు. ప్రతి సంఖ్యా 0 నుండి 63 లోపుది. ఒక చిత్రం భూమికి చేరడానికి ఎనిమిది గంటలకు పైగా పట్టింది. కంప్యూటరు చిత్రం సిద్ధమయ్యేదాకా ఆగలేక జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు ఆ సంఖ్యలను కాగితపు పట్టీలపై అచ్చువేసి, పక్కపక్కన అమర్చి, విలువను బట్టి రంగు సుద్దలతో పూశారు. వారు ఎంచుకున్న వన్నెలు అంగారకుని పోలినా, అవి వెలుగు తీవ్రతకు గుర్తులే తప్ప గ్రహపు అసలు రంగులు కావు.

4. రంగుల పటం మార్పు (2017)

నేడు ఆ సుద్దల పనిని పైథాన్ భాషలోని మాట్‌ప్లాట్‌లిబ్ ఒకే ఆదేశంతో చేస్తుంది. పట్టికలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను రంగుల పటం రెండు కొసలకు జోడించి, మిగిలినవాటిని వాటి నడుమ సర్దుతుంది. వాడుకరి వేరే పటం కోరకపోతే, పూర్వం ‘జెట్’ అనే ఇంద్రధనుస్సు పటం వర్తించేది. అందులో సమానమైన తేడాలు కంటికి సమానంగా కనిపించవు. పట్టికలో లేని అంచులు చిత్రంలో ఉన్నట్లు తోస్తాయి. అందుకే 2017లో వెలువడిన 2.0 రూపంలో దాని స్థానాన్ని ‘విరిడిస్’ పటానికిచ్చారు.

5. ముగింపు

తాళపత్రపు స్కానును నలుపు తెలుపులుగా మార్చే పరిశోధకుడికీ కిర్ష్ ఎదుర్కొన్న ప్రశ్నే ఎదురవుతుంది. హద్దు ఒకవైపు జరిగితే సన్నని గంటపు గీత మాయమై ‘నంది’ ‘నది’ కావచ్చు. మరోవైపు జరిగితే మరకే సున్నగా తోచి ‘నది’ ‘నంది’ కావచ్చు. పాఠాంతరాలను అధస్సూచికలలో చూపే సంప్రదాయం మనకున్నది. మూల స్కానును మార్చకుండా భద్రపరచి, ఏ హద్దుతో చదివామో పేర్కొనడం కూడా ఆ సంప్రదాయంలో భాగం కావాలి.