శేరు నుండి కిలోకు: హిందూపురం–పెనుకొండ–ధర్మవరం ప్రాంతపు కొలతలు, పొట్లంపై చట్టం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగాలు. మద్రాసు బరువుల పట్టికలో శేరుకు 24 తులాలు, వీశెకు 120 తులాలు, మణుగుకు 8 వీశెలు. ఉత్తర భారతంలో ప్రామాణికమైన శేరుకు 80 తులాలు. తులం 11.66 గ్రాములు కనుక మొదటి శేరు దాదాపు 280 గ్రాములు, రెండవది 933 గ్రాములు. ఎదురెదురుగా తూచే సంతలో ఏ శేరో ఇరుపక్షాలకూ తెలుసు. ఊరు దాటి వచ్చే మూసిన పొట్లంపై ఆ పేరు ఏ పరిమాణాన్నీ నిర్ధారించదు.

ఈ సందిగ్ధతను చట్టం దశలవారీగా తొలగించింది. 1956 చట్టం మెట్రిక్ ప్రమాణాలను నెలకొల్పింది. 1977 నియమాలు పొట్లంపై నికర పరిమాణాన్ని తప్పనిసరి చేశాయి. 2011లో అమలుకు వచ్చిన 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రామాణికేతర కొలతల్లో ప్రకటనను నిషేధించింది.

అయినా ధర్మవరం పట్టుచీరను వాడుకలో ఆరు గజాల చీర అనే అంటాము. నేటి గజం ఆంగ్లేయుల యార్డుకు సమానం, అంటే 0.9144 మీటర్లు, ఆరు గజాలు 5.49 మీటర్లు. సంప్రదాయమని మనం భావించే కొలత కూడా ఒక పాలన స్థిరపరచినదే. కనుక లేబులుపై మార్పును సంప్రదాయ నాశనంగా కాక, కొలతకు జవాబుదారీ ఎవరన్న ప్రశ్నకు వచ్చిన కొత్త సమాధానంగా చదవాలి. సంతలో ఆ బాధ్యత పరిచయానిది. పొట్లంపై అది ముద్రిత అంకెది.