ఖాళీ అని రాసుకున్న కొండలు

ఊటీ చూసి వచ్చిన వాళ్లెవరిని అడిగినా ఆ కొండల పచ్చదనం గురించే చెబుతారు. తేయాకు తోటలు, నిటారుగా పెరిగిన యూకలిప్టస్ చెట్లు, రోడ్డుకి రెండు పక్కలా దట్టంగా అల్లుకున్న వాటిల్ చెట్లు. ఆ పచ్చదనంలో చాలా భాగానికి రెండు వందల ఏళ్ల వయసు కూడా లేదు. 1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ పైకెక్కినప్పుడు నీలగిరి పీఠభూమి మీద కనిపించింది ప్రధానంగా గడ్డి. మైళ్ల తరబడి ఎత్తుపల్లాలుగా సాగే గడ్డి నేల, నీళ్లు దిగే మడతల్లో మాత్రం షోలా అనే పొట్టి సతతహరిత వనాలు, ఆ గడ్డిని నమ్ముకున్న తోడా తెగ వాళ్ల గేదెల మందలు. ఈ రెండు వందల ఏళ్లలో షోలాలు దెబ్బతిన్నాయి, అయినా చాలావరకు మిగిలాయి. గడ్డి అంతగా మిగల్లేదు. దీనికి దురాశ ఒక్కటే కారణమంటే సగం నిజమే చెప్పినట్టు. చెట్టు లేని నేలను ఖాళీ నేలగా లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. కంపెనీ కాలంలో మొదలై, రాణి పాలనలో చట్టమై, స్వతంత్ర భారతంలో పంచవర్ష ప్రణాళికల దాకా అది చెక్కుచెదరకుండా నడిచింది. ఆ లెక్క తప్పని చెప్పే సాక్ష్యం కూడా అదే కాలంలో, వేరే పుస్తకాల్లో, పక్షుల పేర్ల కింద పోగుపడుతూ వచ్చింది.

ఆ పుస్తకాలు రాసిన వాళ్లలో మొదట చెప్పుకోవలసింది థామస్ జెర్డన్. మద్రాసు ప్రభుత్వ కొలువులో వైద్యుడు. కొంతకాలం నీలగిరిలో గడిపాడు, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. తన పక్షి గ్రంథాల్లో శాస్త్రీయ నామాల పక్కన తెలుగు పేర్లు కూడా నమోదు చేసిన మనిషి. మన కడప జిల్లా ముళ్లపొదల్లో 1986లో మళ్లీ కనబడి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. తరువాతి తరంలో, కాంగ్రెస్ స్థాపకుడిగా మనకు తెలిసిన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ ‘స్ట్రే ఫెదర్స్’ అనే పక్షి పత్రిక నడిపాడు. ఆయన దగ్గర పనిచేసిన విలియం డేవిసన్ నీలగిరి పక్షుల మీద అందులో రాశాడు. వీళ్ల చేతుల్లో బైనాక్యులర్ లేదు, తుపాకీ ఉంది. పక్షిని చూడటమంటే ఆనాడు కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టి పెట్టెలో భద్రపరచడమే. ఆ పద్ధతి ఇవాళ మనసుకి కష్టంగా తోచినా, చీటీ మీద రాసిన ఊరు, ఎత్తు, తేదీ మాత్రం ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఫలానా కొండ మీద ఫలానా ఏడు గడ్డి ఉండేదనడానికి, ఆ గడ్డిలో తప్ప బతకని పక్షి అక్కడ దొరకడం కన్నా గట్టి రుజువు అరుదు.

అలాంటి పక్షే నీలగిరి పిపిట్. 1885లో షార్ప్ అనే పక్షి శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. పిచ్చుక కన్నా కొంచెం పెద్దది, గోధుమరంగు ఒంటి మీద ముదురు చారలు, గడ్డి దుబ్బుల మధ్య నేల మీదే గూడు. పశ్చిమ కనుమల దక్షిణ భాగంలో ఎత్తైన కొండల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు, చలికాలమైనా కిందికి దిగి మైదానాలకు రాదు. పక్షిప్రియులు నీలగిరికి వెళ్లేది మాత్రం ఎక్కువగా దీని కోసం కాదు. షోలాల్లో నారింజ, నలుపు రంగుల ఈగపట్టు పిట్ట ఉంది, గుంపులుగా నవ్వినట్టు కూసే లాఫింగ్ థ్రష్ ఉంది, పెద్ద అడవి పావురం ఉంది. అవీ ఈ కనుమలకే సొంతం, పైగా కంటికి ఇంపు. గడ్డి పిట్టలకు ఆ అదృష్టం లేదు. పిపిట్, వెడల్పు తోక గడ్డి పిట్ట, పొదల పూరేడు, చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరిగే పిల్లి గద్దలు... వీటి కోసం ఆగేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. పక్షిప్రేమలో కూడా అడవి వైపు ఒక మొగ్గు ఉందని ఒప్పుకోవాలి. గడ్డి పోతుంటే గట్టిగా అడ్డుపడే గొంతులు ఆలస్యంగా లేచాయంటే అందులో ఆ మొగ్గు పాత్ర తక్కువేమీ కాదు.

గడ్డి మీద చెట్లు నాటడం మొదలైన తీరు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఊటీ, కూనూరు, వెల్లింగ్టన్ ఊళ్లుగా, దండు స్థావరాలుగా పెరిగేకొద్దీ వంటచెరకు, చలిమంటలకు కట్టెలు కావలసి వచ్చాయి. దగ్గరి షోలాలు గొడ్డలి పాలయ్యాయి. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి అటవీ సంరక్షకుడిగా వచ్చిన హ్యూ క్లెగ్‌హార్న్ తరం అధికారులకు ఇది నిజంగా ఆందోళన కలిగించింది. 1840ల నాటికే ఆస్ట్రేలియా నుంచి వచ్చి పాతుకున్న వాటిల్, యూకలిప్టస్ చెట్లు వాళ్లకు పరిష్కారంగా కనిపించాయి. షోలా బతకాలంటే కట్టెల తోటలు వేరే పెంచాలి, వాటికి చోటు గడ్డి మీద ఉంది. వాళ్ల తర్కం ఇంతే, ఇందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. అడవిని కాపాడాలన్న సదుద్దేశమే గడ్డిని బలిచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత గడ్డిని ఏటా కాల్చే తోడాల ఆచారం నేరాల జాబితాలో చేరింది. వాళ్ల గేదెల మేతభూమి రికార్డుల్లో ప్రభుత్వ రిజర్వు అయింది. పాల మందిరాల కప్పుకి వాడే చిత్తడి గడ్డి దగ్గర నుంచి గేదెల మేత దాకా గడ్డిలో రకరకాలను విడివిడిగా ఎరిగిన జనం వాళ్లు. వాళ్ల లెక్క ఏ సర్వే పుస్తకంలోకీ ఎక్కలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పని ఆగలేదు, వేగం పుంజుకుంది. తోళ్లు పదును చేసే పరిశ్రమకు టానిన్ కావాలి, దానికి వాటిల్ బెరడు. రేయాన్ మిల్లులకు గుజ్జు కావాలి, దానికి యూకలిప్టస్. కుందా జలవిద్యుత్ పథకం కింద అవలాంచి, ఎమరాల్డ్, అప్పర్ భవానీ జలాశయాల్లో ఎత్తైన లోయలు మునిగాయి. 1960లో ఏర్పడిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం వెన్‌లాక్ డౌన్స్ గడ్డి నేల మీదే లేచింది. ఆ రోజుల్లో విదేశీ మారకం పొదుపు చేయడం దేశానికి అత్యవసరం కాబట్టి ఈ నిర్ణయాలు తీసుకున్నవాళ్లను ఇవాళ కూర్చుని నిందించడం న్యాయం కాదు. అయితే ఇన్ని ప్రణాళికల్లోనూ గడ్డి ఒక్కచోట కూడా నష్టం పద్దులో కనిపించదు. అడవి నరికితే నష్టం, పొలం మునిగితే నష్టం, గడ్డి పోతే చోటు దొరికింది అనుకున్నారు. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి బోర్డు వచ్చింది. 2000లో హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో బంజరు భూముల అట్లాసు తయారు చేసింది. పనితనానికి వంక పెట్టలేని అట్లాసు అది. కానీ పొదలు, గడ్డి ఉన్న నేలలు అనేకం అందులో బంజరుగానే నమోదయ్యాయి. సలివన్ కాలపు చూపే అంతరిక్షానికి ఎక్కి కూర్చుంది.

జరిగిన నష్టం ఎంతో ఇప్పుడు అంకెల్లో చెప్పగలం. పళని కొండల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు దశాబ్దాల ఉపగ్రహ చిత్రాలు పోల్చి, అక్కడి పర్వత గడ్డి మూడింట రెండు వంతులు పోయిందని తేల్చింది. పశ్చిమ కనుమల ఎత్తైన ప్రాంతాలన్నీ కలిపి చూసిన మరో అధ్యయనం 1973 నుంచి 2017 దాకా 340 చదరపు కిలోమీటర్ల గడ్డి, అంటే దాదాపు 23 శాతం, విదేశీ చెట్ల పాలైందని చెప్పింది. ఈ లెక్క మొదలయ్యేది 1973లో. అంతకు ముందు నూట యాభై ఏళ్లలో పోయింది ఇందులో లేదు, దానికి పాత పక్షి చీటీలే ఆధారం. నీలగిరి పిపిట్ మీద 2020లో వచ్చిన పరిశోధనలో 170 చోట్ల 663 సార్లు వెతికారు. అది ఒకప్పుడు ఉన్న కొన్ని చోట్ల పూర్తిగా మాయమైంది. ఎత్తు పెరిగేకొద్దీ, గడ్డి ముక్క పెద్దదయ్యేకొద్దీ పక్షి ఉండే అవకాశం పెరిగింది, వాటిల్ లాంటి చెట్లు చొరబడిన చోట సంఖ్య తగ్గింది. ఈమధ్యనే ముక్కలైన గడ్డిలో అది పలచగా మిగిలి ఉంది. అంటే అక్కడ అది ఇంకా బతికి ఉందన్న సంగతి ఆ ముక్క క్షేమానికి హామీ కాదు.

దీనికి ఎదురుగా వినిపించే మొదటి వాదం పాతది, బలమైనది. ఈ గడ్డి సహజం కాదు, తోడాలూ వాళ్లకు ముందటి పశువుల కాపరులూ అడవిని కాల్చి సృష్టించినదే, చెట్లు నాటడమంటే పాత అడవిని తిరిగి తేవడమే అన్నది ఆ వాదం. దీన్ని తేల్చడానికి నేలనే అడిగారు. గడ్డి జాతుల్లో ఎక్కువ వాటికీ చెట్లకూ గాలిలోని కర్బనాన్ని పట్టే తీరు వేరు, ఆ తేడా వాటి అవశేషాల్లో ముద్రలా నిలుస్తుంది. నీలగిరి లోయల్లో వేల ఏళ్లుగా పేరుకున్న బురద పొరల్లో ఆ ముద్రను చదివి సుకుమార్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1993లో ‘నేచర్’ పత్రికలో ఫలితం ప్రకటించారు. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందటి మంచుయుగపు పొడి కాలంలోనే ఇక్కడ గడ్డి విస్తారంగా ఉంది. వానలు పెరిగిన కాలాల్లో అడవి ముందుకొచ్చింది, తగ్గినప్పుడు గడ్డి వచ్చింది. తోడాల నిప్పు ఈ గడ్డిని నిలబెట్టడంలో సాయపడి ఉండవచ్చు, పుట్టించింది మాత్రం కాదు. శీతాకాలంలో గడ్డకట్టే మంచు షోలా బయట మొలిచిన చెట్టు మొక్కల్ని ఇప్పటికీ చంపుతుంది. పక్షుల సాక్ష్యం కూడా ఇదే చెబుతుంది. గడ్డి తప్ప మరో చోటు ఎరగని, ఈ కొండలు దాటి మరెక్కడా లేని ఒక జాతి రూపుకట్టడానికి కొన్ని వందల ఏళ్ల పశువుల మేత సరిపోదు.

రెండో వాదం ఉపయోగానిది. చెట్లు నీళ్లు పట్టి ఉంచుతాయి, పేదవాడి పొయ్యికి కట్టె ఇస్తాయి, గడ్డి ఏమిస్తుంది? నీళ్ల సంగతి ఊటీ దగ్గర గ్లెన్‌మార్గన్‌లోనే పరీక్షించారు. పక్కపక్కన ఉన్న రెండు చిన్న పరీవాహక ప్రాంతాల్లో ఒకదాన్ని గడ్డిగా వదిలి, రెండోదానిలో సగానికి పైగా యూకలిప్టస్ నాటి పదేళ్లు ప్రవాహం కొలిచారు. నాటిన చోట ఏటి నీరు సగటున 16 శాతం తగ్గింది. దిగువన విద్యుత్ కేంద్రాలున్న కొండల్లో ఇది చిన్న అంకె కాదు. కట్టె విషయం వేరు. ఊళ్ల చుట్టూ ఉన్న పాత తోటల మీద వేల కుటుంబాల వంట నడిచింది, యూకలిప్టస్ నూనె కాచే పని చాలామందికి కూలీ ఇచ్చింది. ఆ తోటలన్నీ పెకిలించాలని అనడం నాకు సమ్మతం కాదు. ముసలి వాటిల్ తోపుల నీడలో షోలా మొక్కలు మొలుస్తున్నాయని చూపే పరిశోధకులూ ఉన్నారు, అక్కడ తొందరపడి నరికితే వాటిల్ విత్తనాలే రెట్టింపు లేస్తాయి. చేయవలసింది ఇంకా గడ్డిగా ఉన్న చోట, చెట్లు ఇప్పుడిప్పుడే చొరబడుతున్న అంచుల్లో. పిపిట్ ఎక్కడ ఉందో, ఎక్కడ తగ్గుతోందో చెప్పే జాబితా ఆ అంచుల్ని గుర్తించడానికి అన్నిటికన్నా చవకైన పరికరం.

మిగిలిన గడ్డి ఎలా మిగిలిందన్నది మరో కథ, కొంత ఇబ్బంది పెట్టేది కూడా. కేరళలోని ఎరవికులం ఒకప్పుడు తేయాకు కంపెనీ దొరల వేటస్థలం. అందుకే అక్కడ తేయాకు పడలేదు, 1978లో అది జాతీయ వనమైంది. వెన్‌లాక్ డౌన్స్ చాలాకాలం నిలబడింది ఊటీ దొరల నక్కల వేటకి గుర్రాలు పరిగెత్తే చోటు కావాలి కనుక. నీలగిరిలోని ముకుర్తి కాపాడబడింది నీలగిరి వరయాడు అనే కొండమేక కోసం, దానికి 1990లో జాతీయ వనం హోదా వచ్చింది. గడ్డిని గడ్డిగానే కోరుకునేవాడు ఎవడో ఒకడు ఉన్న ప్రతిచోటా అది నిలిచింది, ఆ కోరిక ఎంత స్వార్థమైనదైనా సరే. అలా అని వేట కాలాన్ని పొగడనక్కర్లేదు. దొరల కన్నా ముందు నుంచీ, వాళ్ల కన్నా మెరుగైన హక్కుతో ఆ గడ్డిని కోరుకున్నవాళ్లు తోడాలు. పక్షి పరిశీలన ఆ కోరుకునేవాళ్ల వరసలో చివర చేరింది. దాని బలం హక్కులో లేదు, నమోదులో ఉంది.

తెలుగు నేల మీద ఇదే లెక్క మరో రూపంలో నడిచింది. సలీం అలీ తొలి ప్రాంతీయ సర్వే 1931–32లో హైదరాబాదు సంస్థానంలోనే జరిగింది, దక్కను మెరక నేలల పక్షులు అప్పుడు ఒక క్రమంలో నమోదయ్యాయి. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డిలో బట్టమేక పిట్ట, వానాకాలంలో నేల నెమలి ఉన్నందుకు 1988లో అభయారణ్యం వచ్చింది, విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కంచె లోపలి గడ్డిని కాపాడారు. కానీ బట్టమేక మేసేది కంచె బయటి మెట్ట చేలలో, బీళ్లలో. ఆ బీళ్లు రెవెన్యూ పుస్తకంలో బంజరు, పోరంబోకు. సాగునీరు వచ్చి పంటలు మారాక పక్షి దాదాపుగా కనిపించడం మానేసింది. ఇప్పుడు పరిహార వనీకరణ నిధులు 2016 చట్టం కింద రాష్ట్రాలకు అందుతున్నాయి, ఒకచోట అడవి పోతే మరోచోట మొక్కలు నాటాలి, నాటడానికి ఖాళీ నేల చూపించాలి. ఆ ఖాళీ నేల ఏదో తేల్చే అధికారి బల్ల మీద బంజరు అట్లాసుతో పాటు నూట ఎనభై ఏళ్ల పక్షి నమోదులు కూడా ఉండాలి. పర్వత గడ్డిని, మెట్ట గడ్డిని బంజరు జాబితా నుంచి తీసి వాటి సొంత పేరుతో వేరే పద్దు రాయాలి. నీలగిరిలో ముకుర్తి సరిహద్దు బయట మిగిలిన గడ్డి ముక్కలకు ఆ పద్దు అన్నిటికన్నా ముందు కావాలి, ఎందుకంటే వాటిల్ విత్తనం నేలలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది.