పై తరగతుల్లో చదువుల ఎంపిక – మన ప్రాంతంలో మూడు తరాల ముచ్చట



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని మన సంఘం పెద్దలు కోరినప్పుడు, అందరిలాగే సర్వీసు అనుభవాలు రాద్దామనుకున్నాను. ఇంతలో మా తమ్ముడి మనుమరాలు పదో తరగతి పాసై, ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న చర్చ ఇంట్లో మొదలైంది. ఎం.పి.సి. అని ఒకరు, బై.పి.సి. అని మరొకరు, సి.ఇ.సి. తీసుకుని కలెక్టరు కావాలని ఇంకొకరు. ఆ మాటలు వింటూ ఉంటే, ఈ ఎంపిక అనేది మన వికారాబాదు, తాండూరు ప్రాంతంలో ఎప్పటి నుంచి ఉన్నది, ఎట్లా మారుతూ వచ్చింది అన్న ఆలోచన కలిగింది. నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని చివరకు కాకుండా దాని స్థానంలోనే చెబుతాను.

నాయన గారి కాలం

మా నాయన తాండూరు దగ్గర నాపరాతి గనిలో మున్షీ. కూలీల హాజరు, బండల లెక్క రాసేవాడు. ఆ లెక్కలన్నీ ఉర్దూలోనే ఉండేవి. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, మరాఠీ, కచేరీలో ఉర్దూ. నిజాం కాలంలో మన వైపు ఇది మామూలే. అప్పట్లో పై చదువుల్లో ‘ఏ సబ్జెక్టు’ అన్న ప్రశ్న కన్నా ‘ఏ భాషలో’ అన్న ప్రశ్నే పెద్దది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగుతో సహా బోధన ఉర్దూలోనే సాగేది. ఇంగ్లీషులో చదవదలచినవారికి నిజాం కళాశాల ఉండేది. అది 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. మధ్యలో తెలుగుకు చోటు లేదు. 1928లో మాడపాటి హనుమంతరావు పంతులు గారు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల స్థాపించినప్పుడు, తెలుగు మాధ్యమానికి ఇక్కడ గుర్తింపు దొరకక, మహర్షి కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయం నుంచి గుర్తింపు తెచ్చుకోవలసి వచ్చింది. సొంత ఊళ్లో సొంత భాషలో పరీక్ష రాయడానికి ఎక్కడో ఉన్న మహారాష్ట్రం వైపు చూడవలసిన రోజులవి.

మా తాత గారు ఆలోచించి మా నాయనను ఉర్దూ చదువులో వేశారు. నాలుగు అక్షరాలు వస్తే సర్కారు నౌకరీ వస్తుందని ఆశ. చదువు సగంలో ఆగిపోయి గనిలో చేరాడు. తర్వాత 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. కచేరీల్లో ఇంగ్లీషు వచ్చింది. అందమైన ఉర్దూ దస్తూరీ గల మా నాయన, తన కంటే చిన్నవాళ్ల దగ్గరకు పోయి ఇంగ్లీషు కాగితాలు చదివించుకునేవాడు. తాత గారి లెక్క తప్పు కాదు; సర్కారే మారిపోయింది.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు, అంతవరకు గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. మిగిలిన గుల్బర్గా మైసూరు రాష్ట్రంలోకి పోయింది. మా బంధువుల్లో సగం మంది అవతల మిగిలిపోయారు. వాళ్ల పిల్లలు కన్నడంలో, మేము తెలుగులో చదువుకున్నాము. ఎవరం ఎంచుకున్నది కాదు.

ఏడు శాఖలు, ఒకే గది

నేను పై తరగతులకు వచ్చేనాటికి దేశంలో కొత్త పద్ధతి నడుస్తున్నది. డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952లో ఏర్పడిన సెకండరీ విద్యా కమిషను, మరుసటి సంవత్సరం నివేదిక ఇచ్చింది. పిల్లలందరినీ ఒకే గాటన కట్టి విశ్వవిద్యాలయం వైపు తోలడం సరికాదనీ, ఎవరి అభిరుచిని బట్టి వారికి చదువు ఉండాలనీ అందులో చెప్పారు. మానవీయ శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలిత కళలు, గృహ విజ్ఞానం అని ఏడు శాఖలు సూచించారు. వీటిని బోధించేవే మల్టీపర్పస్ హైస్కూళ్లు. అక్కడ హెచ్.ఎస్.సి. పాసైతే పి.యు.సి. లేకుండా నేరుగా డిగ్రీలో చేరవచ్చు.

కాగితం మీద చూస్తే ఎంతో గొప్ప ఆలోచన. కానీ ఏడు శాఖలకు ఏడు రకాల పంతుళ్లు కావాలి, ప్రయోగశాల కావాలి, పనిముట్లు కావాలి. నేను చదివిన బడి పేరు ఇక్కడ అనవసరం. 1963లో గ్రూపు అడిగినప్పుడు నేను సైన్సు అన్నాను. హెడ్మాస్టరు గారు నవ్వి, “సైన్సు సారు బదిలీ అయిండు బిడ్డా, ఇంకొకరు ఒచ్చేదాక ఆర్ట్స్‌ల కూసో” అన్నారు. ఆ ఇంకొకరు నేను బడి విడిచేదాకా రాలేదు. ఆ విధంగా నేను చరిత్ర, పౌరశాస్త్రం విద్యార్థినైనాను. ధారూరు, రుక్మాపూరు వైపు నుంచి ప్యాసింజరు బండిలో వచ్చే పిల్లలదీ ఇదే కథ. పట్నంలో ఉన్నవారికి ఎంపిక ఉండేది. మాకు ఎంపిక అనే మాట ఉండేది.

నేను డిగ్రీలో ఉండగా 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది. దానికి తర్వాత నాయకత్వం వహించిన డాక్టర్ మర్రి చెన్నారెడ్డి గారు మన ప్రాంతం వారే. ఎందరో విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చదువులు ఆగిపోయి ఎందరికో ఒక సంవత్సరం పోయింది. నాకూ పోయింది. ఇంట్లో పరిస్థితి బాగాలేక 1970లో తహసీలు ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను.

నేను నింపిన ఫారము

ఇక్కడ నా తప్పు సంగతి చెప్పాలి.

శాస్త్రవేత్త డి.ఎస్. కొఠారీ గారి అధ్యక్షతన ఏర్పడిన విద్యా కమిషను 1966లో నివేదిక ఇచ్చింది. పదేళ్ల వరకు అందరికీ ఒకే చదువు, గణితం, సైన్సు అందరికీ తప్పనిసరి, గ్రూపుల విభజన ఆ తర్వాతే అన్నది వారి సిఫారసుల్లో ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 1969-70 నుంచి పి.యు.సి. స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో ఇంటర్మీడియట్ విద్యా చట్టం చేశారు. అంతా సవ్యంగానే ఉన్నది కానీ, పదో తరగతి లెక్కల్లో మాత్రం రెండు దారులు మిగిలాయి. ఒకటి కాంపోజిట్ మాథమాటిక్సు. బీజగణితం, రేఖాగణితం లోతుగా ఉండేది. రెండవది జనరల్ మాథమాటిక్సు, తేలిక. మన వయసు వాళ్లందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. తొమ్మిదో తరగతిలో ఒక టిక్కు పెట్టాలి. జనరల్ తీసుకున్నవాడికి తర్వాత ఎం.పి.సి. తలుపు మూసినట్టే. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

మా తమ్ముడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. 1971లో ఆ ఫారము తెచ్చి నాకిచ్చాడు. అప్పటికి నేను ఇంటికి పెద్దను, పైగా సర్కారు గుమాస్తాను. ఫారాలు నింపడంలో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. వాడు, “అన్నా, కాంపోజిట్ రాయి. నాకు లెక్కలు ఒస్తయి” అన్నాడు. నేను వినలేదు. కాంపోజిట్‌లో తప్పితే సంవత్సరం పోతుంది, సంవత్సరం పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. జనరల్ అయితే మంచి మార్కులతో గట్టెక్కుతాడు, ఎస్.ఎస్.సి. చేతికొస్తే ఎక్కడో ఒకచోట గుమాస్తా కొలువు దొరుకుతుంది. అందుకని జనరల్ అని రాసి, గార్డియను అన్నచోట నేనే సంతకం చేశాను. వాడు మరి మాట్లాడలేదు.

1973లో మంచి మార్కులతో పాసయ్యాడు. లెక్కల్లో వచ్చిన మార్కులు చూసి నేనే మిఠాయి పంచాను. ఆ కాగితం పట్టుకుని ఎం.పి.సి. కోసం పోతే, ‘జనరల్ మాథ్స్’ అన్న రెండు మాటలు చూసి దరఖాస్తు వెనక్కి ఇచ్చారు. ఆ రోజు వాడు తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కండ్లకు కట్టినట్టే ఉన్నది. సి.ఇ.సి.లో చేరాడు కానీ మనసు పెట్టలేదు.

1980ల్లో తాండూరు చుట్టుపక్కల సున్నపురాతి నిల్వల మీద సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇంజనీర్లు, డిప్లొమా వాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరారు. మా తమ్ముడు ఒక ఫ్యాక్టరీలో లారీల తూకం రాసే పనిలో కుదిరి, అందులోనే రిటైరయ్యాడు. తూకం యంత్రం చెడిపోతే మెకానిక్కు వచ్చేలోగా వాడే సరిచేసేవాడని తోటివాళ్లు చెప్పేవారు. నాతో ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అంటే నాకు కొంత తేలికయ్యేదేమో.

నాటికీ నేటికీ

తర్వాతి కాలంలో జనరల్, కాంపోజిట్ విభజన పోయింది. పదో తరగతి వరకు అందరికీ ఒకే గణితం వచ్చింది. 1980ల్లో ఎంసెట్ వచ్చాక ఎంపిక ఇంకో రూపం తీసుకున్నది. గ్రూపులు నాలుగైదు ఉన్నా, ఇండ్లలో వినిపించేవి రెండే అయినాయి. మా కాలంలో సైన్సు చెప్పేవారు లేక ఆర్ట్సులో కూర్చున్నాము. ఇప్పుడు చరిత్ర చదువుతానన్న పిల్లను ఎం.పి.సి.లో కూర్చోబెడుతున్నాము. ఇంగ్లండులో 1951 నుంచి ఎ-లెవెల్ పద్ధతిలో పిల్లలు మూడు సబ్జెక్టులే లోతుగా చదువుతారు. వాటిలో గణితంతో పాటు చరిత్ర తీసుకున్నా ఎవరూ అడ్డుచెప్పరు. మన 2020 జాతీయ విద్యా విధానంలో కూడా ఆర్ట్సుకూ సైన్సుకూ మధ్య గట్టి గోడలు ఉండరాదని రాశారు. ఏడు శాఖలప్పుడు కూడా మంచి మాటలే రాశారు. బడిలో ఆ సబ్జెక్టు చెప్పే పంతులు ఉన్నాడా లేడా అన్నదే మొదట చూడవలసింది అని నా అనుభవం.

ఇంకొక మాట. ఉర్దూ నమ్ముకున్న మా తాత గారు, గుమాస్తా కొలువును నమ్ముకున్న నేను, ఇద్దరమూ తెలివితక్కువవాళ్లం కాము. మా కండ్ల ముందున్న లోకాన్ని చూసి పిల్లల చదువు నిర్ణయించాము. ఆ పిల్లలు పెద్దయ్యేసరికి లోకం వేరైంది. రేపటి నౌకరీ ఏమిటో పెద్దలకు తెలియదు. పిల్లకు ఏది వస్తుందో, ఏది ఇష్టమో మాత్రం పిల్లకు తెలుసు.

మొదట చెప్పిన మనుమరాలి సంగతితో ముగిస్తాను. అందరూ వాదించుకుని అలిసిపోయాక, అలవాటు ప్రకారం దరఖాస్తు నా ముందుకు వచ్చింది. నేను కండ్లద్దాలు పెట్టుకుని పెన్ను తీశాను. మా తమ్ముడు మెల్లగా ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, “అన్నా, ఈసారి నువ్వు రాయకు. దాన్నే రాయనియ్యి” అన్నాడు. యాభై ఏళ్ల తర్వాత వాడు ఆ విషయం ఎత్తడం అదే మొదలు. కోపంగా అనలేదు. నేను నా పెన్ను ఆ పిల్లకే ఇచ్చాను. ఆమె ఏ గ్రూపు రాసిందో చూడాలని ఉన్నా చూడలేదు. సంతకం పెట్టవలసిన చోట వాళ్ల నాయన పెట్టాడు.

మిత్రులారా, మనం ముప్పై, నలభై ఏళ్లు ఫారాలు నింపినవాళ్లం, నింపించినవాళ్లం. ఈ జూన్‌లో మన ఇండ్లలోకి ఇట్లాంటి కాగితాలు వస్తాయి. ఫీజు కడదాము, కాలేజీ దాకా తోడు పోదాము, అక్కడ పాఠం చెప్పేవారు ఉన్నారా అని విచారిద్దాము. టిక్కు పెట్టే పని మాత్రం పిల్లలకు వదిలేద్దామని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా, వికారాబాదు