కెనూ: భుజాన మోసే పడవ

కెనూ సన్నగా, పొడవుగా, రెండు కొసలూ కోసుగా ఉండే తేలిక పడవ. ఎక్కినవాళ్లు పోవలసిన దిక్కుకే ముఖం పెట్టి, కూర్చునో మోకాళ్ల మీద నిలిచో తెడ్డు వేస్తారు. తెడ్డును పడవ అంచుకు బిగించరు. అది పూర్తిగా చేతుల్లోనే ఉంటుంది. అంచుకు బిగించిన తెడ్లు లాగే పడవల్లో మనుషులు వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి ఎదురుగా ఏముందో వాళ్లకు కనబడదు. కెనూ నడిపేవారికి ముందున్న రాయీ, సుడీ, వంపూ అన్నీ కళ్ల ముందే ఉంటాయి. ఇరుకు ఏరుల్లో, రాళ్ల వాగుల్లో ఈ పడవ వేల ఏళ్లు నిలబడటానికి అదొక కారణం. రెండో కారణం దాని బరువు. నీళ్లున్న మేర మనిషిని పడవ మోస్తుంది, నీళ్లు లేనిచోట పడవను మనిషి మోస్తాడు. కెనూ చరిత్రలో వచ్చిన మార్పులు చాలావరకు ఈ మోతను తేలిక చేయడానికి వచ్చినవే.

కెనూకు దగ్గరి చుట్టం కయాక్. కెనూ పైభాగం సాధారణంగా తెరిచి ఉంటుంది, తెడ్డుకు ఒకవైపే రెక్క ఉంటుంది. కయాక్‌ను పైన కప్పేస్తారు. నడిపే మనిషి నడుం దాకా లోపలికి దిగి, కాళ్లు ముందుకు చాపి కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డును వాడతాడు. బ్రిటన్‌లో ఈ రెండింటినీ కలిపి కెనూ అనడమూ ఉంది. పోటీల్లో రెండూ ఒకే సమాఖ్య కిందికి వస్తాయి.

మాను తొలిచిన దోనెలు

ఇప్పటివరకు దొరికిన పడవల్లో అతి పాతదిగా పేరుపడ్డది నెదర్లాండ్స్‌లోని పెస్సె దోనె. 1955లో ఆ ఊరి దగ్గర రహదారి పనులకు తవ్వుతుంటే పీట్ నేలలో బయటపడింది. పైన్ మానును తొలిచి చేసిన ఈ దోనె పొడవు 298 సెంటీమీటర్లు, వెడల్పు 44. కార్బన్ పరీక్షలో దాని వయసు క్రీ.పూ. 8040, 7510 మధ్యకు తేలింది. ఇంత చిన్నది అసలు పడవేనా, పశువుల మేత తొట్టా అన్న సందేహాలు చాలాకాలం నడిచాయి. 2001లో పురావస్తు శాస్త్రజ్ఞులు అచ్చం అలాంటిదే ఒకటి చేయించి నీళ్లలో దింపారు. అది తేలింది, తెడ్డు వేస్తే ముందుకూ సాగింది. అసలు దోనె అస్సెన్ పట్టణంలోని డ్రెంట్స్ మ్యూజియంలో ఉంది.

ఆఫ్రికాలో దీనికి సరితూగేది నైజీరియాలోని దుఫునా దోనె. 1987లో ఒక పశువుల కాపరి బావి తవ్వుతుండగా దొరికింది. దాదాపు 8,000 ఏళ్ల నాటిది. పొడవు సుమారు 8.4 మీటర్లు. కొసలను నునుపుగా, కోసుగా చెక్కిన తీరు చూస్తే, ఈ పని అప్పటికే తరాలుగా చేతికి పట్టుబడిందని తెలిసిపోతుంది.

దోనెకు బలం ఎక్కువ, బరువూ ఎక్కువే. ఒకే నదిలో, ఒకే సరస్సులో తిరిగేవాళ్లకు అది ఇబ్బంది కాలేదు. సరస్సు నుంచి సరస్సుకు, నది నుంచి నదికి నేల మీదుగా దాటాల్సినవాళ్లకు మాత్రం వేరే దారి కావలసివచ్చింది.

బెరడు కెనూ

ఆ దారి వెతికినవాళ్లు ఉత్తర అమెరికా ఈశాన్య అడవుల ఆదివాసులు. ముఖ్యంగా అల్గాంకియన్ భాషలు మాట్లాడే జాతులు. అక్కడ పెరిగే పేపర్ బర్చ్ చెట్టు, మన హిమాలయాల్లో భూర్జపత్రాలిచ్చే చెట్టుకు దగ్గరి బంధువు. దాని బెరడు పలచగా, గట్టిగా, నీరు పీల్చకుండా ఉంటుంది. పెద్ద షీటుగా ఊడివస్తుంది.

మామూలు పడవకు ముందు అస్థిపంజరం నిలబెట్టి తర్వాత పలకలు కొడతారు. బెరడు కెనూ పని దీనికి తలకిందులు. ఇక్కడ చర్మం ముందు, ఎముకలు తర్వాత. వేసవి మొదట్లో ఒలిచిన బెరడును చదును చేసిన నేల మీద పరుస్తారు. చెట్టు మీద బయటికి కనబడే తెల్లవైపు పడవ లోపలికి, లోపలివైపు నీళ్లకు తగిలేలా చూస్తారు. మీద చట్రం, రాళ్లు బరువు పెట్టి, అంచులను పైకి మడిచి చుట్టూ కర్రలు పాతి నిలబెడతారు. మడతపడే చోట చీల్చి, స్ప్రూస్ వేళ్లను చీల్చి తీసిన నారతో కుడతారు. కుట్ల మీద స్ప్రూస్ బంక, జంతువుల కొవ్వు, బొగ్గుపొడి కలిపి కాచిన మైనం పూస్తారు. ఆ తర్వాతే పలచని సెడార్ బద్దలు లోపల పరిచి, వేడినీళ్లతో మెత్తబరిచి వంచిన సెడార్ పక్కటెముకలను ఒక్కొక్కటే బిగుతుగా కొట్టి కూర్చుతారు. ఆ బిగువుతోనే బెరడు సాగి పడవకు ఆకారం వస్తుంది. మొత్తం పనిలో ఒక్క మేకు కూడా లేదు. దారిలో రాయి తగిలి చిరిగితే బాగుచేసుకోవడానికి కావలసిన బెరడు, వేరు, బంక ఒడ్డున ఉన్న అడవిలోనే దొరుకుతాయి.

చెట్లు దొరకని ఉత్తర ధ్రువ తీరాల్లో ఇన్యూట్‌లు, అల్యూట్‌లు సముద్రం కొట్టుకొచ్చిన కర్రతో, ఎముకలతో చట్రం కట్టి దానికి సీల్ చర్మం తొడిగారు. అదే కయాక్. గడ్డకట్టే నీళ్లలో తలకిందులైతే, బయటికి రాకుండానే తెడ్డు ఊపుతో మళ్లీ పైకి లేచే విద్య కూడా వాళ్లదే. ఈనాడు కయాకింగ్ శిక్షణలో ప్రపంచమంతటా దాన్ని నేర్పుతున్నారు.

బొచ్చు వ్యాపారపు బండి

యూరప్‌లో బీవర్ బొచ్చు టోపీలకు గిరాకీ పెరగడంతో 17, 18 శతాబ్దాల్లో కెనడా అడవుల్లోకి వర్తకులు చొచ్చుకుపోయారు. వాళ్లు తెచ్చిన చెక్క పడవలు ఆ జలపాతాల దారుల్లో పనికిరాలేదు. ఆదివాసుల కెనూనే పెద్దదిగా చేయించుకున్నారు. మాంట్రియల్ నుంచి సుపీరియర్ సరస్సు దాకా నడిచిన పెద్ద కెనూ పొడవు దాదాపు 11 మీటర్లు. మనుషులు కాక మూడు టన్నుల సరుకు పట్టేది. అక్కడి నుంచి లోపలి నదులకు దాదాపు ఏడున్నర మీటర్ల చిన్న కెనూలు వాడేవారు.

వీటిని నడిపిన ఫ్రెంచ్ కెనడియన్ కూలీలను వాయజర్లు అంటారు. జలపాతం అడ్డొచ్చిన ప్రతిచోటా సరుకూ పడవా రెండింటినీ భుజాన వేసుకుని ఒడ్డు వెంట నడవాలి. ఒక్కో మూట 90 పౌండ్లు, అంటే సుమారు 41 కిలోలు. ఒక్కో విడతకు ఒక్కో మనిషి రెండు మూటలు మోయడం రివాజు. నుదుటికి తగిలించిన తోలుపట్టీ మీద ఆ బరువంతా ఆనేది. దూరాలను కొన్ని చోట్ల పొగాకు పైపు వెలిగించుకునే విరామాలతో లెక్కించేవారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున గ్రాండ్ పోర్టేజ్ అనే చోట ఈ నడక దాదాపు 14 కిలోమీటర్లు.

నార్త్ వెస్ట్ కంపెనీకి చెందిన అలెగ్జాండర్ మెకెంజీ 1789లో కెనూల మీద ఆర్కిటిక్ సముద్రం దాకా, 1793లో పసిఫిక్ తీరం దాకా వెళ్లాడు. రెండో ప్రయాణంలో చివరికి తన కెనూను వదిలి కొండలు కాలినడకన దాటి, అక్కడి ఆదివాసుల పడవల్లో సముద్రం చేరాడు. దారి చూపినవాళ్లూ, పడవ చేసినవాళ్లూ ఆదివాసులే అయినా చరిత్ర పుస్తకాల్లో పేరు ఎక్కువగా వర్తకులకే మిగిలింది.

మహాసముద్రం మీద

పసిఫిక్ ద్వీపవాసులు కెనూను మరో దిక్కుకు తీసుకెళ్లారు. దోనెకు పక్కన కొంత దూరంలో తేలే దుంగను కట్టడం, లేదా రెండు దోనెలను జతచేసి పైన వేదిక, తెరచాప పెట్టడం వాళ్ల పద్ధతి. ఈ పడవలతోనే వేల కిలోమీటర్ల నీటిని దాటి హవాయి, న్యూజిలాండ్ దాకా స్థిరపడ్డారు. ఆ ప్రయాణాలు గాలివాటున జరిగినవని వాదించినవాళ్లకు 1976లో జవాబు దొరికింది. హోకులేయా అనే జంట కెనూ మే 1న హవాయి దీవుల్లో బయల్దేరి జూన్ 4న తహీతి చేరింది. దిక్సూచి గానీ మరే పరికరం గానీ లేదు. మైక్రోనేసియాలోని సతవాల్ దీవికి చెందిన మావ్ పియాయిలుగ్ నక్షత్రాలను, అలల వరుసలను, పక్షులను చూసి దారి నడిపాడు.

పని నుంచి వినోదానికి

కెనూయింగ్ సరదాగా జనంలోకి రావడానికి ఎక్కువ కారకుడు స్కాట్లాండ్ మూలాలున్న న్యాయవాది జాన్ మెక్‌గ్రెగర్. ఉత్తర అమెరికాలో చూసిన ఆదివాసుల పడవలు మనసులో పెట్టుకుని 1865లో లండన్‌లో ఓక్, సెడార్ కర్రతో ఒక పడవ చేయించుకున్నాడు. పేరు రాబ్ రాయ్. పొడవు నాలుగున్నర మీటర్లు, బరువు 36 కిలోలు. రైళ్లలో, బండ్ల మీద వేసుకుపోతూ రైన్, డాన్యూబ్, సేన్ నదుల్లో ఒంటరిగా తిరిగాడు. మరుసటి ఏడు వెలువడిన ఆ యాత్రా గ్రంథం విపరీతంగా అమ్ముడుపోయింది. 1866లోనే అతను స్థాపించిన కెనూ క్లబ్బు తర్వాత రాయల్ కెనూ క్లబ్ అయింది. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తొలి పుస్తకం కూడా 1876లో బెల్జియం, ఫ్రాన్స్ కాలువల్లో మిత్రుడితో చేసిన కెనూ యాత్ర గురించే.

అమెరికాలో 1871లో న్యూయార్క్ కెనూ క్లబ్, 1880లో అమెరికన్ కెనూ అసోసియేషన్ ఏర్పడ్డాయి. ఈ రెండో సంస్థ స్థాపకుల్లో ఒకడైన నథానియల్ బిషప్ అంతకుముందు కాగితం పొరలను అతికించి వార్నిష్ పూసిన పడవలో అమెరికా తూర్పు తీరం వెంట ఫ్లోరిడా దాకా ప్రయాణించాడు. ఇంకా ముందుకు పోయినవాడు జార్జ్ వాషింగ్టన్ సియర్స్. బక్కపలచగా, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న ఆయనకు ఎత్తగలిగే పడవ కావాలి. కాంటన్ పట్టణపు పడవల తయారీదారు హెన్రీ రష్టన్ 1883లో చేసిచ్చిన సైరీ గాంప్ బరువు పదిన్నర పౌండ్లు, అంటే ఐదు కిలోల లోపే. అరవై దాటిన సియర్స్ దానిలో అడిరాండక్ అడవుల సరస్సుల మీదుగా 400 కిలోమీటర్లకు పైగా తిరిగి, చుక్క నీరు కారలేదని రాశాడు. పనివాడి పడవ సెలవుదినాల పడవగా మారడంలో ఈ తేలికతనం వాటా పెద్దది.

జర్మనీలో మరో ఉపాయం పుట్టింది. విద్యార్థి ఆల్ఫ్రెడ్ హాయిరిష్ 1905లో మడిచి సంచిలో పెట్టుకోగల కయాక్ రూపొందించాడు. దర్జీ యోహాన్ క్లెపర్ దాని హక్కులు కొని తయారీ మొదలుపెట్టాడు. రైలెక్కి నదికి పోయేవాళ్లకు అది వరమైంది. ఉద్యోగం పోయిన ఆస్కర్ స్పెక్ 1932లో ఇలాంటి పడవతో డాన్యూబ్ మీద బయల్దేరి, భారత తీరం వెంట కూడా సాగి, 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియా అంచున ఉన్న ఒక దీవి చేరాడు. అప్పటికి యుద్ధం మొదలైంది. జర్మన్ పౌరుడు కాబట్టి అక్కడి అధికారులు నిర్బంధించారు.

బెరడు పోయి ప్లాస్టిక్ దాకా

19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బెరడుకు బదులు సెడార్ చట్రం మీద కాన్వాసు గుడ్డ బిగించి, రంధ్రాలు పూడ్చి రంగు వేయడం మొదలైంది. పెద్ద బర్చ్ చెట్లు అరుదైపోతున్న సమయంలో కెనూ జనానికి అందుబాటులో ఉండటానికి ఇదే దోహదపడింది. 1944లో విమానాల తయారీ సంస్థ గ్రమ్మన్ ఉన్నతోద్యోగి విలియం హాఫ్‌మన్, కాన్వాసు కెనూ మోసి అలసిపోయి, విమానాలకు వాడే అల్యూమినియంతో ఎందుకు చేయకూడదని ఆలోచించాడు. యుద్ధం ముగియగానే గ్రమ్మన్ కెనూలు వేసవి శిబిరాల నిండా కనబడ్డాయి. ఆ తర్వాత ఫైబర్‌గ్లాస్, కెవ్లార్ వచ్చాయి. రాయికి తగిలి సొట్టపడినా మళ్లీ రూపానికొచ్చే రాయలెక్స్ అనే ప్లాస్టిక్ కూడా వచ్చింది గానీ, దాని తయారీ 2014లో ఆగిపోయింది.

ఈలోగా బెరడు పని మరుగున పడకుండా ఆపినవాళ్లున్నారు. టాపన్ ఆడ్నీ 1880ల చివర్లో న్యూ బ్రన్స్‌విక్‌లో మలిసీట్ జాతికి చెందిన పీటర్ జో దగ్గర కెనూ కట్టడం నేర్చుకున్నాడు. తర్వాత జీవితమంతా వేర్వేరు జాతుల పద్ధతులను గీసి, రాసి, వందకు పైగా చిన్న నమూనాలు చేశాడు. ఆడ్నీ పోయాక, 1964లో స్మిత్‌సోనియన్ ఆ పనిని పుస్తకంగా తెచ్చింది. నేటి కట్టేవాళ్లకు అది కరదీపిక. అల్గాంక్విన్ పెద్ద విలియం కమాండా వంటివారు చేతిపనినే బతికించి తర్వాతి తరానికి అప్పగించారు. కెనడాలో పీటర్‌బరో పట్టణంలోని కెనడియన్ కెనూ మ్యూజియం 2024లో సరస్సు ఒడ్డున కొత్త భవనంలోకి మారింది.

పోటీల్లో

1924 పారిస్ ఒలింపిక్స్‌లో కెనూయింగ్ ప్రదర్శన క్రీడ. 1936 బెర్లిన్‌లో పతకాల క్రీడ అయింది. మహిళలకు కయాక్ పోటీ 1948లోనే వచ్చినా, కెనూ పోటీ కోసం 2021లో జరిగిన టోక్యో క్రీడల దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. కయాక్‌లో జర్మనీకి చెందిన బిర్గిట్ ఫిషర్ 1980, 2004 మధ్య ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది.

స్ప్రింట్ పోటీలు నిలకడ నీళ్లలో, తిన్నని లేన్లలో జరుగుతాయి. కెనూ క్రీడాకారుడు ఒక మోకాలి మీద నిలిచి ఒకే పక్క తెడ్డు వేస్తాడు. అలా వేస్తే పడవ రెండో పక్కకు తిరగాలి. చుక్కాని లేని ఒంటరి కెనూను ప్రతి వేటు చివర్లో తెడ్డును కొద్దిగా మెలిపెట్టి తిన్నగా నిలుపుతారు. చూపరులకు కనబడని ఈ మెలికే ఆటలో సగం నైపుణ్యం. స్లాలమ్‌లో ఉరకలెత్తే నీటి మీద వేలాడే గేట్ల మధ్య నుంచి దూసుకుపోవాలి. ఆకుపచ్చ గేట్లను ప్రవాహం వెంట, ఎర్ర గేట్లను ఎదురీది దాటాలి. తాకితే రెండు సెకన్లు, తప్పితే 50 సెకన్లు జరిమానా. స్లాలమ్ 1972లో ఒలింపిక్స్‌లో కనబడి, మళ్లీ 1992లో వచ్చి నిలదొక్కుకుంది.

భారతదేశంలో

తెలుగునాట కెనూకు సమానమైనది దోనె. కొల్లేరు లంకల్లో, డెల్టా కాలువల్లో తాటిదోనె వాడుక పాతది. తాటిమాను మొదలు లావుగా ఉంటుంది. బయట గట్టిగా, లోపల మెత్తగా ఉండటం వల్ల తొలవడం సులువు. ఒకరిద్దరు ఎక్కి గడతో తోస్తూ వలలు వేస్తారు. రెండు దోనెలను జతకట్టి బల్లలు పరిస్తే బరువులు మోసే సంగడి అవుతుంది. తుంగభద్ర, కృష్ణల్లోని పుట్టి మాత్రం గుండ్రని బుట్ట పడవ, దాని దారి వేరు. కేరళలో వంద అడుగులు దాటే చుండన్ వళ్లాలను వంద మంది దాకా తెడ్లతో నడుపుతారు. 1952లో నెహ్రూ రాకతో మొదలైన ఆయన పేరిటి ట్రోఫీ పందేలు అలప్పుళలో నేటికీ సాగుతున్నాయి. కోళికోడ్ జిల్లా కొండ వాగుల్లో వానాకాలంలో జరిగే మలబార్ రివర్ ఫెస్టివల్‌కు విదేశాల నుంచి కయాకర్లు వస్తారు.

ఆధునిక క్రీడగా భారత్‌కు తొలి ఆసియా క్రీడల పతకం 1994 హిరోషిమాలో సిజి సదానందన్, జానీ రోమెల్ జంట తెచ్చిన కాంస్యం. రెండో పతకానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. 2023లో హాంగ్‌ఝౌలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం పురుషుల జంట కెనూ 1000 మీటర్లలో కాంస్యం గెలిచారు. అదే ఏడు అక్కడే జరిగిన ఆసియా పారా క్రీడల్లో ప్రాచీ యాదవ్ స్వర్ణం, రజతం సాధించింది. పారాలింపిక్స్ కెనూ పోటీల్లో దిగిన తొలి భారతీయురాలు కూడా ఆమే.