నంద్యాల–ఆళ్లగడ్డ రహదారి

నంద్యాల–ఆళ్లగడ్డ రహదారి 40వ నంబరు జాతీయ రహదారిలో సుమారు 40 కిలోమీటర్ల భాగం. ఈ జాతీయ రహదారి కర్నూలు నుంచి కడప, చిత్తూరు మీదుగా తమిళనాడులోని రాణిపేట దాకా వెళ్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలోని పట్టణాలు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారక ముందు కర్నూలు–చిత్తూరు దారిది 18వ నంబరు. అప్పట్లో రెండు వరుసలతో ఊళ్ల నడిబొడ్డునే సాగిన ఈ దారిని కర్నూలు–మైదుకూరు–కడప నాలుగు వరుసల పథకం కింద వెడల్పు చేశారు, పట్టణాల దగ్గర బైపాస్‌లు వేసి పక్కకు మళ్లించారు. ఫోర్‌లైన్ అనగానే అందరికీ వెడల్పే గుర్తొస్తుంది గాని, లారీలకు ఎక్కువ మేలు చేసింది ఆ మళ్లింపు.

లోయ, దాని దారులు

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది. ఉత్తర దక్షిణాలుగా సాగే ఈ లోయలో దారి ఎటు పోవాలో కొండలే నిర్ణయించాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి కడప దాటాక అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు చేరింది ఈ లోయ మీదుగానే. అహోబిలానికి నేటికీ ఆళ్లగడ్డలోనే మలుపు తిరగాలి.

ఈ లోయలో సరుకును నీటి మీద నడపాలన్న ఆలోచన కూడా ఒకప్పుడు జరిగింది. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువ సాగునీటితో పాటు పడవల రాకపోకలకూ ఉద్దేశించినదే. కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది, కాలక్రమంలో పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు కేసీ కాలువ అంటే వరి మళ్లే గుర్తుకొస్తాయి. రైలు విషయంలోనూ ఆళ్లగడ్డకు అదృష్టం కలిసిరాలేదు. 2016లో మొదలైన నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగుల మీదుగా పడమటి వైపు నుంచి వెళ్లిపోయింది. కాబట్టి ఆళ్లగడ్డ ప్రాంతానికి ఏ సరుకు రావాలన్నా, పోవాలన్నా రోడ్డే దిక్కు.

దారిలో నడిచే సరుకు

పంటలను బట్టి లోడు మారుతుంది. వడ్లు, శనగలు, జొన్నలు, పత్తి, మిర్చి, దక్షిణాన దువ్వూరు, మైదుకూరు వైపు పసుపు. కోతల రోజుల్లో వరిగడ్డి వేసుకున్న ట్రాక్టర్లు, లారీలు బాడీకి రెండు పక్కలా పొంగి, వెనక వచ్చే బండికి ముందేముందో కనబడనివ్వవు. రెండు వరుసల రోజుల్లో అలాంటి ట్రాక్టరు ఒక్కటి ముందుంటే, దాని వెనక డజను లారీలు ఎద్దుబండి నడకే నడవాల్సి వచ్చేది.

పారిశ్రామిక సరుకుల్లో బరువైనది సిమెంటు. పాణ్యం, గడివేముల, కొలిమిగుండ్ల ప్రాంతాల సున్నపురాయి మీద ఆధారపడి పెద్ద కర్మాగారాలు నడుస్తున్నాయి. బేతంచర్ల నాపరాళ్లదీ అదే బరువు. నంద్యాలలో తయారయ్యే నంది పైపులది ఇందుకు పూర్తి విరుద్ధం. లారీ నిండిపోతుంది గాని తూకం ఉండదు. రోడ్డు బాధంతా మొదటి రకంతోనే. ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో తయారైన దేవతా విగ్రహాలు, ధ్వజస్తంభాలు కూడా ఈ దారినే గుళ్లకు బయలుదేరతాయి. సంఖ్యలో అవి తక్కువే అయినా, ఊరికి పేరు తెచ్చిన లోడు అదే.

దక్షిణాన మైదుకూరులో ఈ రహదారి 67వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. అక్కడి నుంచి బద్వేలు, నెల్లూరు మీదుగా కృష్ణపట్నం ఓడరేవుకు దారి. ఉత్తరాన కర్నూలులో 44వ నంబరు రహదారి. హైదరాబాదు–తిరుపతి బస్సులు, చెన్నై వైపు లారీలు రాత్రంతా ఈ దారిలో నడవడానికి ఈ రెండు కొసలే కారణం.

రేగడి మీద రోడ్డు

ఈ రహదారి ఇంజనీర్లకు పెట్టిన అసలు పరీక్ష నల్లరేగడి. మే నెలలో చేలోకి దిగితే చెయ్యి పట్టేంత నెర్రెలు కనిపిస్తాయి. తొలకరి వానకు అదే నేల ఉబ్బి, చెప్పుకు అంటుకుని అడుగడుక్కీ బరువెక్కుతుంది. ఈ మట్టిలోని మాంట్మొరిల్లొనైట్ అనే బంకఖనిజం పొరల మధ్యకు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పైన ఎంత మంచి తారు పోసినా, కింద నేల ఏటా ఉబ్బి కుంగుతుంటే అంచుల నుంచి పొడవాటి పగుళ్లు మొదలవుతాయి. పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి, లారీ చక్రం మిగతా పని పూర్తిచేస్తుంది.

నేల బరువును ఎంత మోయగలదో చెప్పే సీబీఆర్ అనే కొలత తడిసిన రేగడిలో సాధారణంగా 2 నుంచి 4 శాతం లోపే ఉంటుంది. భారీ వాహనాలు నడిచే రోడ్డుకు భారత రోడ్డు కాంగ్రెస్ నియమాల ప్రకారం కనీసం 5 శాతం కావాలి. అందుకే పైపొర రేగడిని తీసేసి గరుసు నింపుతారు, లేదా సున్నం కలిపి నేలకు గట్టిదనం తెస్తారు. రోడ్డు కట్టను చేల మట్టం కంటే ఎత్తు చేసి, ఆ పైన గరుసు, కంకర, తారు పొరలు వేస్తారు. ఇక్కడ చిక్కేమిటంటే, ఈ రేగడి ఒట్టి మెట్ట రేగడి కాదు. కేసీ కాలువ కింది మళ్లలో నెలల తరబడి నీళ్లు నిలుస్తాయి, ఆ తడి పక్కనుంచి కట్ట అడుగుకు చేరుతుంది. వానాకాలం పోయినా రోడ్డు అడుగు ఆరదు.

నేల సంగతి అలా ఉండగా, పైనుంచి పడే బరువుకూ ఒక లెక్క ఉంది. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆషో సంస్థ లారీలను వలయాకారపు రోడ్ల మీద పనిగట్టుకుని తిప్పి చూసింది. ఇరుసు మీది బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. పది టన్నులు మోయాల్సిన ఇరుసు మీద పన్నెండు టన్నులు వేస్తే నష్టం రెండింతలు దాటుతుందన్నమాట. మన దేశంలో 2018 జులైలో కేంద్రం అనుమతించిన బరువులనే పెంచింది. మూడు ఇరుసుల లారీ మొత్తం తూకం 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. రవాణా ఖర్చు తగ్గుతుందన్నది నిజమే. అంతకు ముందే రూపకల్పన పూర్తయిన రోడ్ల ఆయుష్షు ఆ మేరకు తరిగిందన్నదీ నిజమే.

వాగులు, మలుపులు

నల్లమలలో పుట్టి ఈ లోయలోకి వచ్చే వాగులు పడమటికి దిగి కుందూలో కలవాలి. నిలువుగా సాగే రహదారి వాటన్నిటికీ అడ్డమే. ఆళ్లగడ్డ దగ్గర వక్కిలేరు అలాంటిదే. నంద్యాల చుట్టూ మద్దిలేరు, చామకాల్వ ఉన్నాయి. వీటికి తోడు తెలుగుగంగ, కేసీ కాలువల పిల్లకాలువలు. కట్ట ఎత్తు పెంచిన కొద్దీ వరదకు అది ఆనకట్టలా మారుతుంది. వంతెనల, తూముల వెడల్పు చాలకపోతే రోడ్డు మునగకపోవచ్చు గాని ఎగువన ఉన్న చేలు మునుగుతాయి. 2019 సెప్టెంబరు వానలకు కుందూ పొంగి నంద్యాల ప్రాంతమంతా జలమయమైంది, మహానంది ఆలయంలోకి కూడా నీళ్లు వచ్చాయి. అలాంటి రోజు తూముల లెక్క ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

పాత దారి మలుపుల్లో చాలావాటికి కారణం ఊళ్లే. బండ్లబాట ఊరి నుంచి ఊరికి పోయింది, తారు దాని మీదే పడింది. నంద్యాలలో లారీ సంత, బస్టాండు, బడి పిల్లల మధ్యగా గేర్లు మార్చుకుంటూ పోవాల్సి వచ్చేది. నిండు లోడు లారీకి ఆగడం, మళ్లీ కదలడం అంటే డీజిలు తగలబెట్టడమే. నాలుగు వరుసలైనా ఊరి మధ్యగానే పోయి ఉంటే ఆ బాధ తీరేది కాదు. బైపాస్‌తో అది తీరింది. అయితే చాపిరేవుల, దీబగుంట్ల, శిరివెళ్ల మెట్ట, నల్లగట్ల వంటి చోట్ల రోడ్డుకీ ఊరికీ సంబంధం తెగలేదు. ఊరు లోపల ఉంటే రోడ్డు మీది కూడలిని ‘మెట్ట’ అనడం ఇక్కడి అలవాటు. మెట్ట మీద టీ కొట్టు, పంక్చరు షాపు, ఎరువుల దుకాణం పుడతాయి, బస్సు ఆగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి గీసిన రోడ్డు పక్కన ఇలా ఒక బజారు లేస్తుంది.

పథకం, భూమి, టోల్

జాతీయ రహదారుల అభివృద్ధి పథకం మూడో దశలో కర్నూలు–మైదుకూరు–కడప మధ్య 188.75 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేశారు. పని ‘నిర్మించు, నడుపు, అప్పగించు’ పద్ధతిలో రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌వే ప్రైవేట్ లిమిటెడ్‌కు దక్కింది. సంస్థ పెట్టుబడి పెట్టి రోడ్డు వేసి, ఒప్పంద కాలమంతా టోల్ వసూలు చేసుకుంటుంది. నన్నూరు, చాగలమర్రి టోల్‌ప్లాజాలు ఈ దారిలోనివే. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక లారీలు అక్కడ నిలబడే సమయం తగ్గింది.

భూమిని 1956 జాతీయ రహదారుల చట్టం కింద సేకరిస్తారు. 3ఎ ప్రకటనతో ఉద్దేశం తెలుపుతారు. 3డి ప్రకటన వెలువడగానే భూమి కేంద్రానిదవుతుంది, ఆ తర్వాతే 3జి కింద పరిహారం తేలుతుంది. భూమి ముందు పోయి డబ్బు వెనక రావడం రైతుకు మింగుడుపడని సంగతి. 2013 భూసేకరణ చట్టంలోని మెరుగైన పరిహారం జాతీయ రహదారులకు 2015 జనవరి 1 నుంచే వర్తించింది. అంతకు ముందు భూమి ఇచ్చినవారికి ఓదార్పు మొత్తం, వడ్డీ కూడా ఇవ్వాలని 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరిహారం లెక్కలో కనబడని నష్టం ఇంకొకటుంది. రోడ్డు చేనును రెండు ముక్కలు చేస్తే, అవతలి ముక్కకు ట్రాక్టరు తోలాలంటే డివైడరులో సందు దొరికేదాకా పోవాలి.

ఇప్పటి ఇబ్బందులు

డివైడరులో సందు కోసం చుట్టూ తిరగడం తప్పించుకోవడానికే ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు ఎదురుదిశలో వస్తాయి. దీన్ని క్రమశిక్షణ లోపంగా మాత్రమే చూడటం తేలిక. సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ ఉండాల్సిన చోట లేకపోవడమూ అందులో సగం కారణం. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు, ఒక వరుస మూసుకుపోతుంది. రాత్రి నిద్ర ఆపుకోలేక, లేదా టైరు పేలి రోడ్డు పక్కన ఆపిన లారీని వెనకనుంచి బస్సు ఢీకొట్టడం ఈ రహదారిలో మళ్లీ మళ్లీ వినే ప్రమాదం. రోడ్డు వెడల్పయ్యాక లారీలు నిలిపేందుకు తగినన్ని చోట్లు ఏర్పాటు చేయకపోతే వచ్చే ఫలితం ఇదే.

కొత్తగా వచ్చి కలిసే దారి

తెలంగాణలోని కల్వకుర్తి నుంచి కొల్లాపూర్, ఆత్మకూరుల మీదుగా నంద్యాల చేరే 167కె జాతీయ రహదారికి కృష్ణ మీద సోమశిల–సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలి. దానికి 2022లో కేంద్రం రూ.1,082.56 కోట్లతో అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే హైదరాబాదు–తిరుపతి వాహనాల్లో చాలా భాగం కర్నూలు చుట్టూ తిరగకుండా నేరుగా నంద్యాలకు దిగుతుంది. కర్నూలు–నంద్యాల మధ్య తమ్మరాజుపల్లె ఘాటుకు ఆ మేరకు ఊపిరాడుతుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు మాత్రం పాత వాహనాలూ, కొత్త వాహనాలూ కలిసి ఒకే కట్ట మీద నడుస్తాయి.