మర్రిగూడ దాకా రాని లీగు

హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి చెప్పేవాళ్లు కప్పులతోనే మొదలుపెడతారు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఎనిమిది మంది హైదరాబాద్ వాళ్లే. ఆ నగరానికి మాల్ మీదుగా సుమారు 70 కిలోమీటర్లున్న మర్రిగూడలో మాత్రం చెప్పుకోదగ్గ ఫుట్‌బాల్ ఎన్నడూ లేదు. ఉన్నవాటితో పాటు లేనివాటికీ ఊరి చరిత్ర జవాబు చెప్పాలి. ఆట ఇక్కడికి రాకపోవడానికి కారణం మన ఊళ్లో కాదు, హైదరాబాద్ లీగు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ వెతకాలని నా వాదన.

బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. ఆయన బలం పెద్ద మ్యాచ్‌ల్లో కన్నా చిన్న పోటీల్లో కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నీ, వాటం లేని కాలితోనే తన్నాలని ఇంకొకటి పెట్టేవాడు. ఏ డివిజన్ కింద బీ, సీ డివిజన్లలో పేరులేని కుర్రాళ్లు ఆడేవాళ్లు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం రోజూ ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేదంటే అద్దె సైకిలుకు రహీమే డబ్బులిచ్చాడు. ఆ లీగు ఎల్ల ఇక్కడే తెలిసిపోతుంది: సైకిలు తొక్కుకుంటూ వచ్చి, ఆడి, చీకటి పడేలోపు ఇల్లు చేరగలిగినంత మేర. మర్రిగూడ ఆ మేరకు బయట పడింది. 1963లో రహీం పోయాక నగరంలోనే ఆట సన్నగిల్లింది. పల్లెల్లో వేరు పట్టి ఉంటే ఆ లోటు కొంతైనా తీరేది.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన ప్రాంతంలో పరుగులాట ఎట్లా సాగుతుందని అడగవచ్చు. ఫ్లోరోసిస్ బాధితుడు శివన్నగూడెం అంశల స్వామి జీవితం తెలిసిన మండలంలో ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అదే నీళ్లు తాగిన ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ బతికాయి కదా. పేదరికం అందామా? వాలీబాల్‌కు బంతితో పాటు నెట్టు, రెండు గుంజలు కూడా కావాలి. ఫుట్‌బాల్‌కు నాలుగు రాళ్లు పెడితే గోల్ అయిపోతుంది. అసలు తేడా మెట్లలో ఉంది. కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లవాడికి బడి పోటీలు మండలం నుంచే మొదలై జోన్, జిల్లా దాకా పోతాయి. ఫుట్‌బాల్‌కు ఆ కింది మెట్టే లేదు. 2022లో ఊరూరా మొదలైన క్రీడా ప్రాంగణాల్లోనూ కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ లాంటి ఆటలకే చోటు దక్కింది. పూర్తి ఫుట్‌బాల్ మైదానానికి ఎకరన్నర పైనే కావాలి, నిజమే. ఐదుగురు చొప్పున ఆడితే అంత జాగా అవసరం పడదు మరి!

చిన్న చోట లీగు సాగదంటారా? ఫారో దీవుల జనాభా 50 వేల చిల్లర. మన పక్కపక్క రెండు మండలాలంత కూడా ఉండదు. అక్కడ ఊరి క్లబ్బుల రెండో జట్లకు, మూడో జట్లకు కూడా కింది డివిజన్లలో సీజనుంది. ఆ దేశం 1990లో ఆస్ట్రియాను 1-0తో ఓడించినప్పుడు ఆడినవాళ్లు ఉద్యోగాలు చేసుకునే అమెచ్యూర్లు. శివన్నగూడెం, ఇందుర్తి, లెంకలపల్లి, వట్టిపల్లి, మర్రిగూడ కలిస్తే ఐదు జట్లు, పది మ్యాచ్‌లు. సంక్రాంతి క్రికెట్ టోర్నీలకు ప్రైజ్ మనీ ఇచ్చే పెద్దలు వచ్చే ఏడు అందులో కొంత ఈ పది మ్యాచ్‌లకు తీసిపెట్టాలి.